భూకంపానికి కూడా కుట్ర అంటగడతారా?

సంపాదకులకు నమస్కారం.

ఎక్కడ భూకంపం వచ్చినా, తుపాను వచ్చినా, శిథిలాల కింద మనుషులు ఇంకా ఊపిరితో ఉండగానే ఫోన్లలో వీడియోలు మొదలైపోతాయి, ఇది ప్రకృతి కాదు, ఎవరో కావాలని చేయించారు అంటూ. 2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియాల్లో 7.8 తీవ్రతతో భూకంపం వస్తే ఆ నెపం అలాస్కాలోని హార్ప్ పరిశోధన కేంద్రం మీదకు నెట్టారు. ఆ కేంద్రం రేడియో తరంగాలతో పరిశీలించేది ఎక్కడో పైన, పదుల కిలోమీటర్ల ఎత్తులో మొదలయ్యే అయనోస్ఫియర్ అనే వాతావరణ పొరని. భూకంపం పుట్టేదేమో నేల లోపల, ఏళ్ల తరబడి ఒత్తిడి పేరుకున్న పగుళ్ల దగ్గర. ఈ రెండింటికీ ముడి ఎలా పెడతారండీ?

నమ్మితే పోయేదేముంది అంటారు కొందరు. 2024లో హెలీన్ హరికేన్ తర్వాత అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇలాంటి పుకార్ల మధ్య సహాయ సిబ్బందికి బెదిరింపులు రావడంతో కొన్నిచోట్ల పనులు తాత్కాలికంగా ఆపాల్సి వచ్చింది. ఇంటర్నెట్ లేని కాలంలో ఇంకా ఘోరం. 1923లో జపాన్‌లో కాంటో భూకంపం తర్వాత, కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారనే పుకారు లేచి, వేలమంది కొరియన్లను చంపేశారు. వేలమందిని!

అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఎందుకిలా జరిగిందని అడగడం సహజం, వాళ్లను నేను తప్పుపట్టను. ఆ బాధను వ్యూస్ కింద మార్చుకునేవాళ్ల మీదే నా కోపం. మీరు కూడా 'సోషల్ మీడియాలో వైరల్' అంటూ ఆ మాటల్ని హెడ్డింగుల్లో పెట్టకండి, శాస్త్రవేత్తల వివరణను అదే రోజు మొదటి పేజీలోనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు