అలాయ్ వీల్స్ అమ్మేవారు ఆఫ్‌సెట్ చెప్పాలి

సంపాదకుల వారికి,

అనంతపురంలో స్పోర్ట్స్ కార్లకు అలాయ్ వీల్స్ మార్చేవారు సైజు, డిజైను చూస్తున్నారే తప్ప ఆఫ్‌సెట్ అడగడం లేదు. చక్రాన్ని బిగించే హబ్‌కు ఆనే తలానికీ చక్రపు మధ్యరేఖకూ నడుమ ఉండే ఈ దూరం 45 మిల్లీమీటర్ల నుంచి 30కి తగ్గితే, వెడల్పు మారకపోయినా చక్రం 15 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. దానితో స్క్రబ్ రేడియస్ (స్టీరింగు తిరిగే అక్షం నేలను తాకే చోటుకూ టైరు మధ్యకూ ఉండే దూరం) మారి గుంతల్లో స్టీరింగు చేతిని లాగుతుంది, బేరింగుపై భారం పెరుగుతుంది, సస్పెన్షన్ కుంగినప్పుడు టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకోవచ్చు. ఆఫ్‌సెట్ మరీ పెంచితే చక్రం లోపల సస్పెన్షన్ స్తంభమైన స్ట్రట్‌కు తగలవచ్చు. ఆఫ్‌సెట్ తగ్గితే మలుపుల్లో కారు కాస్త నిలకడగా అనిపించవచ్చు గానీ, స్పీడ్ బ్రేకర్ల మధ్య బతికే మన వీధుల్లో ఆ లాభం ఎంతని? సాధారణంగా చక్రంపై ‘ఈటీ’ పక్కన ఉండే ఆ ఆఫ్‌సెట్ అంకెను దుకాణదారులు బిల్లులో రాసిచ్చేలా రవాణా శాఖ చూడాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, అనంతపురం