రోబోటిక్స్ టీమ్ తల్లిదండ్రుల సంఘం, డాలస్: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్ళీ చెప్పక్కర్లేదు కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. హైస్కూలు పిల్లలు జట్లుగా రోబో తయారుచేసి పోటీపడే ఫస్ట్ రోబోటిక్స్ పోటీకి జనవరి కిక్‌ఆఫ్ (ఆ ఏటి ఆట ప్రకటించే రోజు) రాకముందే పిల్లలు వర్క్‌షాప్ నియమాలు తామే రాసుకున్నారు. సేఫ్టీ గ్లాసెస్, వేళ్ళు కనబడని బూట్లు పోటీ నిర్వాహకులు ఎలాగూ అడిగేవే. కొత్తగా చేర్చింది ఒక్కటే: నిన్న చేరిన తొమ్మిదో తరగతి పిల్ల 'ఆపండి' అన్నా సరే, పని ఆగాలి. కారణం తర్వాత అడగొచ్చు.

మన ఇళ్ళ పిల్లలకు ఇది తేలిక కాదు. పని నేర్పే మెంటర్ అంకుల్ కళ్ళకు ఏమీ లేకుండా బ్యాండ్‌సా (కరెంటు రంపం) ముందు నిలబడితే, చూసి నోరు మెదపకుండా పక్కకు తప్పుకునే పెంపకం మనది. అందుకే ఒక శనివారం తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి పిల్లల చేత పాఠం చెప్పించాం. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది అదే.

చెప్పులతో వచ్చినవాళ్ళను గుమ్మంలోనే ఆపేశారు, అధ్యక్షుల వారితో సహా. చున్నీలకు పిన్నులు పెట్టించారు. బ్యాటరీ బల్ల దగ్గరికి వచ్చేముందు ఉంగరాలు, గాజులు తీయించారు. 12 వోల్టులకు షాక్ కొట్టదు కదా అని ఒకాయన వాదించారు. షాక్ కొట్టదు గానీ, ఉంగరమో రెంచో రెండు టెర్మినల్స్‌కూ ఒకేసారి తగిలితే వందల ఆంపియర్లు పారి లోహం కాలిపోతుందని పదో తరగతి కుర్రాడు విడమరిచి చెబితే ఆయన ఉంగరం జేబులో వేసుకున్నారు. బ్యాటరీని వైర్లు పట్టుకుని ఎత్తకూడదనీ, ఆసిడ్ కారితే చల్లడానికి బేకింగ్ సోడా పక్కనే ఉండాలనీ, రోబో గాలి ట్యాంకులో చదరపు అంగుళానికి 120 పౌండ్ల (పీఎస్‌ఐ) దాకా ఒత్తిడి ఉంటుంది కాబట్టి ముందు అది వదిలేశాకే చెయ్యి పెట్టాలనీ చూపించారు. రోబో మీది నారింజ దీపం నిలకడగా వెలిగితే కరెంటు ఉన్నట్టు, ఆరుతూ వెలుగుతుంటే రోబో ఏ క్షణానైనా కదలొచ్చు.

ఫలితం ఫిబ్రవరిలో కనబడింది. దీపం ఆరుతూ వెలుగుతుండగానే ఒక మెంటరు గారు రోబో చేతిలో ఇరుక్కున్న బోల్టు కోసం చెయ్యి పెట్టబోయారు. కొత్తగా చేరిన అమ్మాయి గట్టిగా 'ఆపండి' అంది. రోబోను నడుపుతున్న కుర్రాడు వెంటనే దాన్ని డిసేబుల్ చేసి కదలకుండా ఆపాడు. మెంటరు గారు అందరి ముందే 'థాంక్స్ అమ్మా' అన్నారు. ఆ సాయంత్రమే అది, కొద్దిలో తప్పిన ప్రమాదాలు రాసుకునే 'త్రుటిలో తప్పినవి' పుస్తకంలో పేర్లు లేకుండా ఎక్కింది. ఈ పుస్తకం జడ్జీల కంట పడితే పరువేం కాను అని కొందరు అడిగారు. ఖాళీ పుస్తకమంటేనే నాకు ఎక్కువ భయం.

శనివారాలు భోజనాలు పంపిన కుటుంబాలకు, బ్యాటరీ బండి తయారుచేసి ఇచ్చిన సభ్యులకు, ప్రథమ చికిత్స నేర్పిన నర్సు గారికి, ట్రైలర్ తోలిన అన్నయ్యకు, పోటీ రోజుల్లో పిట్‌లో (రోబో మరమ్మతు చేసుకునే చోట) నిలబడ్డ తల్లులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారి పట్టికలో ఉన్నాయి, కొద్దిగా మిగిలింది.

ఇక చెప్పక తప్పనివి. వాలంటీర్ల పట్టికలో పేర్లు రాసినవారిలో సగం మంది ట్రోఫీ ఫొటోలోనే కనిపించారు. ఇద్దరు పెద్దలు లేనిదే వర్క్‌షాప్ తెరవకూడదు. రెండో మనిషి రాక పిల్లలు పార్కింగ్‌లో ఎదురుచూసిన సాయంత్రాలున్నాయి. కళ్ళు కడుక్కునే ఐవాష్ కోసం సంబంధిత కార్యాలయానికి పెట్టిన అర్జీకి ఇప్పటికీ జవాబు లేదు. ఈసారి అడగడానికి నాతోపాటు నలుగురు రావాలి. పిల్లలతో పనిచేసే పెద్దల నేపథ్యం తనిఖీకి ఇవ్వాల్సిన స్క్రీనింగ్ ఫారాలు నింపనివారు ఈ సమావేశం ముగిసేలోగా ఆ పని పూర్తిచేసి వెళ్ళగలరు.

ఇట్లు,
కార్యదర్శి