మా పాప ఎగ్జిమా విషయంలో తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

మా పాపకు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా, అంటే దురదపెట్టే చర్మవ్యాధి. చలికాలం మొదలయ్యేసరికి చర్మం బిరుసెక్కి పగిలేది. నిద్రలోనే రక్తం వచ్చేలా గోక్కునేది. పొద్దున దుప్పటి మీద మరకలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఇప్పుడు చాలావరకు తెల్లవార్లూ నిద్రపోతోంది. అందుకు కారణమైనవాళ్లకు అందరి ముందూ దండం పెట్టాలని ఇది రాస్తున్నాను.

ముందుగా మా డాక్టరమ్మగారికి. తేనె రాయొచ్చా అని అడిగితే ఆవిడ విసుక్కోలేదు, ఊరికే తలూపి పంపేయనూ లేదు. కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. తేనెలో నీరు చాలా తక్కువ, ఇంచుమించు 17 నుంచి 20 శాతం. ఆమ్లగుణం ఉంటుంది, పీహెచ్ సుమారు 4. తడి తగిలితే అందులోని ఒక ఎంజైమ్ వల్ల కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అందుకే గోకిన చోట చేరే బ్యాక్టీరియాకు తేనె గిట్టదు. 2003లో దుబాయ్‌లో తేనె, ఆలివ్ నూనె, తేనెమైనం సమపాళ్లలో కలిపి రాసి చూసిన చిన్న అధ్యయనంలో చాలామందికి గుణం కనబడింది. 2014లో న్యూజిలాండ్‌లో కానుకా అనే చెట్టు పూల తేనెతో చేసిన పరీక్షలో మాత్రం మామూలు క్రీముకు మించిన లాభం తేలలేదు. ఈ రెండూ దాచకుండా చెప్పి, “స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ నేను చెప్పినన్నాళ్లు రాయండి, మాయిశ్చరైజర్ అస్సలు మానొద్దు, తేనె వాటికి తోడు మాత్రమేనమ్మా” అన్నారు. స్టెరాయిడ్ పేరెత్తితే భయపెట్టేవాళ్లు కొందరు, తేనె అంటే కొట్టిపారేసేవాళ్లు కొందరు. వాళ్ల మధ్య నలిగిపోతున్న నాకు ఆ మాటతో టెన్షన్ సగం దిగిపోయింది.

మా పైవాటాలో ఉండే పిన్నిగారి రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు. డాక్టరమ్మ చెప్పిన ఆ తేనె, ఆలివ్ నూనె, తేనెమైనం కలిపి లేపనం చేసి ఇస్తున్నది ఆవిడే. మైనం తురిమి నూనెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగిస్తారు. కిందికి దించి, గోరువెచ్చగా అయ్యాకే తేనె పోస్తారు. బాగా కాగితే ఆ ఎంజైమ్ పాడైపోతుంది కదా. నూనె, తేనె ఒక పట్టాన కలవవు. గట్టిపడేదాకా గిలక్కొడుతూనే ఉండాలి, చెయ్యి లాగేస్తుంది. అరవై దాటిన మనిషి, నేను చేస్తానన్నా ఒప్పుకోరు. మొదటిసారి పాప ముంజేతి లోపలివైపు చుక్క రాసి, మర్నాటిదాకా దద్దురు రాలేదని చూశాకే డబ్బా నా చేతికిచ్చారు. రాత్రి స్నానం కాగానే పలచగా రాసి, మెత్తటి నూలుగుడ్డ చుడుతున్నాం. లేకపోతే పక్కంతా జిగటై చీమలు పడతాయి.

తేనె మా విశాఖలోని జీసీసీ దుకాణంలో కొన్నదే. 1956 నుంచి గిరిజనుల దగ్గర అడవి సరుకు కొంటున్న సంస్థ అది. పొగ పెట్టి, ప్రాణాలకు తెగించి పట్టు నుంచి తేనె తీసే ఆ అన్నలకూ, అక్కలకూ మా ఇంటి నుంచి నమస్కారం.

మా వీధి మందుల షాపు అన్నయ్యకు కూడా. పచ్చి తేనెను పగుళ్ల మీద, రసి కారేచోట రాయొద్దని, అలాంటి చోట గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్యపు తేనె ట్యూబే, అదీ డాక్టరును అడిగాకే వాడాలని చెప్పారు. మా చిన్నోడికి ఇంకా ఏడాది నిండలేదని గుర్తుపెట్టుకుని, ఈ లేపనం వాడి నోటికి అందకుండా చూడమన్నారు. ఏడాదిలోపు పిల్లల కడుపులోకి తేనె వెళ్తే బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చట. తన బేరం చూసుకోకుండా ఇంత చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

పాప క్లాస్ టీచర్‌గారూ, ఇది అంటుకునే జబ్బు కాదని మీరు పిల్లలందరికీ చెప్పిన రోజు నుంచి దాని పక్కన మళ్లీ కూర్చుంటున్నారు. ఆ ఒక్క పని ఏ మందూ చేయలేదు.

ఎగ్జిమా పూర్తిగా పోలేదు. మొన్న ఉక్కపోతకు ఒక మోచెయ్యి మళ్లీ ఎర్రబడింది, ఆయింట్‌మెంట్ రాస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంది. లేపనం చేసే పద్ధతి చూస్తామని మన వీధిలో కొందరు అడిగారు. పిన్నిగారు సరేనన్నారు, ఆదివారం సాయంత్రం రండి. రాసేముందు మాత్రం మీ పిల్లల డాక్టరును ఒక్కమాట అడగండి.