మేధో వైకల్యమున్న మా పిల్లల తరగతి జమా ఖర్చులు: 2024 జూన్ నుంచి 2025 మార్చి వరకు

చందాలిచ్చిన అందరికీ ఎర్రగడ్డ చుట్టుపక్కల పద్దెనిమిది కుటుంబాల తల్లిదండ్రుల కమిటీ నమస్కారాలు. బిల్లులు, రసీదు పుస్తకాలు ఖజాంచి దగ్గరున్నాయి. ఏ ఆదివారమైనా కమ్యూనిటీ హాలుకొచ్చి చూసుకోవచ్చు.

జమ: పాత నిల్వ రూ. 14,350. నెలకు 1,500 చొప్పున పదహారు కుటుంబాలు కట్టినవి 2,40,000 (రెండిళ్ళవాళ్ళు కట్టలేకపోయారు, ఎవరని అడగొద్దు). చందాలు 96,500. దీపావళికి పిల్లలు రంగులద్దిన ప్రమిదల అమ్మకం 11,200. మొత్తం 3,62,050.

ఖర్చు: స్పెషల్ టీచరమ్మకు 1,80,000. ఆయాకు 60,000. ఆటోలు, బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యమున్నవాళ్ళ జాతీయ సంస్థకు పరీక్షల కోసం తీసుకెళ్ళినవాటితో కలిపి 55,000. కరెంటు 7,400. ఆడపిల్లలకు నెలసరి పాఠాలకు ప్యాడ్లు, బొమ్మలు, సబ్బులు 6,850. ప్రమిదలు, రంగులు 4,900. ప్రమిదల్లో మిగిలిన 6,300 పనిచేసిన తొమ్మిదిమందికే తలా 700 ఇచ్చాం. ఒకబ్బాయి మొత్తం మిర్చి బజ్జీలకే పెట్టాడు. డబ్బు వాడిది, మేమేమీ అనలేదు. బజారు, వంట పాఠాలకు 21,600. చిల్లర తేడా 685. మొత్తం 3,42,735.

ఆ 685 దగ్గరే మీటింగులో గొడవైంది. లెక్క తప్పిందన్నారు. తప్పింది నిజమే, బజారులో నిజం డబ్బుతో కొనేటప్పుడు పిల్లల చేతుల్లో తప్పింది. అంతకుముందు ఏడాది తరగతిలోనే ఉత్తుత్తి నోట్లతో కొనడం నేర్పాం. తరగతిలో వందకు చిల్లర సరిగ్గా లెక్కపెట్టిన అమ్మాయి, రైతుబజారులో టమాటాల ముందు నోరు మెదపలేదు. మేధో వైకల్యమున్న పిల్లల్లో చాలామందికి ఒకచోట వచ్చిన పని ఇంకోచోట దానంతటదే రాదు. ఆ గోలలోనే, నిజం నోటుతోనే మళ్ళీ నేర్పాలి. అందుకే టీచరమ్మ కూరగాయలు కొనడాన్ని పదకొండు మెట్లుగా విడగొట్టి, చిట్టచివరిదైన చిల్లర తీసుకోవడంతో మొదలుపెట్టి వెనక్కి నేర్పుకొచ్చారు. జూన్‌లో తేడా 140, మార్చిలో 15. ఈ పద్దు వచ్చే ఏడూ ఉంటుంది, పేరు మార్చం.

ముగ్గురికి 18 నిండాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉచిత చదువును 18 ఏళ్ళవరకే హక్కుగా ఇచ్చింది. బడి వద్దన్నాక వాళ్ళు మన దగ్గరికే రోజంతా వస్తున్నారు. ఆయాకు పని పెరిగింది, జీతం పెంచలేదు. అది మా లోటే.

నిల్వ 19,315: బ్యాంకులో 18,000, చేతిలో 1,315. ఆటో అతను జూన్ నుంచి నెలకు 500 పెంచమంటున్నాడు. అభ్యంతరాలుంటే 20వ తేదీలోగా రాసివ్వండి.

ఇట్లు
అధ్యక్షురాలు, కార్యదర్శి, ఖజాంచి