ఆరు పుస్తకాలు, అరకిలో హల్వా

విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

నానీ,

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, ఈమధ్య వచ్చినవాటిలో చదవదగ్గవేమైనా ఉంటే చెప్పమ్మా అన్నావు. నీకు గుర్తుందో లేదో, నాకుంది. అందుకే ఈ ఉత్తరం. వేరే ఏమీ లేదు. ఫోన్లోనే చెబుదామంటే నువ్వు ఎత్తవు, ఎత్తినా మీటింగంటావు. మనం మాట్లాడుకుని పద్దెనిమిది రోజులైంది. లెక్కపెట్టానని కాదు, ఆ రోజే గ్యాస్ బండ మార్చాను, అలా గుర్తు.

ముందు "రామేశ్వరం కాకులు" తియ్యి. తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి గారి కథలు, 2023లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. రోజుకి ఒక్కటే చదువు. ఆయన సగం చెప్పి ఊరుకుంటారు. మిగతా సగం అన్నం తింటుంటే తడుతుంది. వేళకి తింటున్నావా అసలు? సూరిబాబు మావయ్య కొడుక్కి కోఠీలో పాత పుస్తకాల కొట్ల దగ్గర కనిపించావట, మంగళవారం మధ్యాహ్నం రెండింటికి. చిక్కిపోయావనీ గెడ్డం పెంచావనీ వాళ్లమ్మకి చెప్పాడు, ఆవిడ నాకు చెప్పింది. మీవాడికి చూపానదు, ఇంకెవర్నో చూసుంటాడు అన్నాను. మంగళవారం వాళ్ల ఆఫీసుకి సెలవేమో అని కూడా అన్నాను.

సరే, పుస్తకాలు. ఎండపల్లి భారతి "ఎదారి బతుకులు". మదనపల్లె వైపు మాట. మొదటి రెండు కథలకీ మనకి నాలుక తిరగదు, పైకి చదువు, మూడోదానికి చెవి అలవాటు పడుతుంది. కూలికెళ్లే ఆడవాళ్ల సంగతులు. నవ్విస్తూ నవ్విస్తూ ఎక్కడో ఒకచోట ముద్ద దిగనివ్వదు. చింతకింది శ్రీనివాసరావు గారి "దాలప్ప తీర్థం" కూడా పెట్టాను, అది మన వైపు భాష. చదువుతుంటే మీ మామ్మ పక్కన కూర్చుని ఒత్తులు చేసుకుంటూ మాట్లాడుతున్నట్టే ఉంటుంది. హైదరాబాదు వెళ్లాక నువ్వు "ఏటి" అనడం మానేశావు. గమనించాను.

ఓల్గా గారి "విముక్త" ఆడవాళ్ల పుస్తకమని పక్కన పెట్టకు. 2015లో దీనికీ అకాడమీ వచ్చింది. సీత ఒక్కొక్కర్నీ కలుస్తుంది, శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ. మామ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది కదా, పద్నాలుగేళ్లూ ఆవిడ నిద్రపోయిందని. ఓల్గా గారు అది నిద్ర కాదంటారు. తలుపు వేసుకుని తనలో తను ఆలోచించుకుందంటారు. తలుపు వేసుకోవడం తప్పని నేననను. కానీ బయట మనుషులుంటారు, ఓ మాట చెప్పి వేసుకోవాలి. ఉద్యోగాలదేముంది, ఇవాళ ఒకటి రేపొకటి. దాన్ని పట్టుకుని నిద్ర చెడగొట్టుకోకూడదు, టీలు తాగి కడుపు కాల్చుకోకూడదు, పి.ఎఫ్. డబ్బు మాత్రం తొందరపడి తీసెయ్యకూడదు. ఇప్పుడు ఉద్యోగం మాట ఎందుకొచ్చిందో నాకే తెలీదు. ఊర్మిళ గురించి కదా చెబుతున్నాను.

"కొండపొలం" సినిమా చూసేశానంటావు. సినిమా వేరు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవలలో అడవి మెల్లమెల్లగా ఎక్కుతుంది. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమలకి పోతారు, చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు తండ్రి వెంట వెళ్తాడు. నీకని ఏరి పెట్టింది కాదు, అడవి బాగుంటుందని పెట్టాను. బండి నారాయణస్వామి గారి "శప్తభూమి" కూడా పంపుదామంటే మీ నాన్న సగంలో ఉన్నారు, ఇవ్వనన్నారు.

ఆఖరిది కొత్తది కాదు, నలభయ్యేళ్ల నాటిది. కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు". ఆయన డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు. ఈ పుస్తకం మనింట్లోకి ఎలా వచ్చిందో నీకు తెలీదు. నీ మూడో తరగతిలో నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూసేశారు. మాకు చెప్పలేదు. రోజూ ఏడున్నరకి కారేజీ పట్టుకుని బయల్దేరడం, సాయంత్రం అయిదున్నరకి రావడం. వారం తిరిగేసరికి నాకు అనుమానమొచ్చింది, ఉతకడానికి వేసిన చొక్కాకి గ్రీజు మరకే లేదు. పైగా భోజనాల దగ్గర ఆఫీసు ఊసు మానేసి, ఓ ముసలాడు చీకట్లో ఈనే పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయాడు తెలుసా అని మొదలెట్టారు. రోజుకి కాస్త. నువ్వు ముద్ద నోట్లో పెట్టుకుని అలా ఉండిపోయేవాడివి.

ఓ రోజు పని మీద ద్వారకానగర్ వెళ్లి, పౌర గ్రంథాలయంలోకి తొంగి చూశాను. కిటికీ పక్కనే ఉన్నారు. కళ్లజోడు నుదుటి మీద, కారేజీ కుర్చీ కింద. పిలవలేదు, బస్సెక్కి వచ్చేశాను. మర్నాటి నుంచి కారేజీలో ఓ గిన్నె ఎక్కువ సర్దాను. ఆ గిన్నె ఎందుకని ఆయనా అడగలేదు. రెండు నెలలు అలాగే గడిచాయి. చివరికి ఓ రాత్రి, నీతో ఒకటి చెప్పాలి అన్నారు. ముందు ఆ పంది దొరికిందో లేదో చెప్పండి అన్నాను. మొహం కేసి చూసి నవ్వారు, తర్వాత చాలాసేపు నవ్వలేదు. కొత్త కొట్లో పద్దులు రాసే పని దొరికి, మొదటి జీతం రాగానే కొన్నది ఈ కాపీయే. అట్ట ఊడింది, జాగ్రత్తగా తియ్యి. ఇదంతా నీకు రాశానని నాన్నకి చెప్పకు.

పుస్తకాల మధ్యలో మాడుగుల హల్వా అరకిలో, బెల్లం ఆవకాయ చిన్న సీసా ఉన్నాయి. సీసాకి రెండు కవర్లు చుట్టాను, అయినా నూనె కారితే "విముక్త" మీద పడుతుంది, ముందు అది చూడు. గెడ్డం తీసెయ్యి, ఎండాకాలం వస్తోంది, దురద.

పార్శిల్ మంగళవారం అందుతుందన్నాడు కొరియర్ అబ్బాయి. మధ్యాహ్నం పూట ఇంట్లో మనిషి ఉంటాడా అమ్మా అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక నీ నంబరిచ్చాను. ఆ ఫోనైనా ఎత్తు.

అమ్మ