రహస్యం ముద్ర ఎవరి నుంచి కాపాడుతోంది?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల కిందట మీ సంపాదకీయ పుటలో, ప్రభుత్వ రహస్యాలను బయటపెట్టేవారందరూ దేశానికి ద్రోహం చేస్తున్నవారేనన్న అర్థం వచ్చేలా ఒక వ్యాసం వచ్చింది. చదివిన రోజే జవాబు రాయబోయి, ఆవేశంలో రాయడం మంచిది కాదని ఆగాను. ఇన్నాళ్లు ఆలోచించినా నా అభిప్రాయం మారలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

శత్రువుకు అమ్మిన రహస్యం, ప్రజలకు తెలిసిన రహస్యం ఒకటేనని వ్యాసకర్త మొదటి వాక్యంలోనే తేల్చేశారు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు, కేంద్ర నిఘా సంస్థలు కలిసి నౌకాదళానికి చెందిన ఏడుగురిని అరెస్టు చేశారు. యుద్ధనౌకల, జలాంతర్గాముల సమాచారాన్ని పాకిస్తాన్ గూఢచారులకు చేరవేశారన్నది వారిపై అభియోగం. విశాఖ తీరాన నివసించే మాలాంటివాళ్లం ఆ వార్త చదివి భయపడ్డాం. నేరం రుజువైతే అలాంటివారిని కఠినంగా శిక్షించాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అదే సంవత్సరం మొదట్లో ఇంకొక రహస్యం కూడా బయటికి వచ్చింది. దాని గురించి వ్యాసకర్త ఒక్క మాటైనా రాయలేదు.

అది సైన్యానికి సంబంధించింది కాదు, నిరుద్యోగానికి సంబంధించింది. జాతీయ నమూనా సర్వే కార్యాలయం 2017-18 సంవత్సరానికి ఉపాధిపై ఇంటింటి సర్వే చేసింది. జాతీయ గణాంక సంఘం ఆ నివేదికను ఆమోదించినా ప్రభుత్వం విడుదల చేయలేదు. 2019 జనవరి చివర్లో ఆ సంఘం తాత్కాలిక అధ్యక్షుడు పి.సి. మోహనన్, సభ్యురాలు జె.వి. మీనాక్షి రాజీనామా చేశారు. రెండు మూడు రోజులకే ఒక ఆంగ్ల దినపత్రిక నివేదికలోని అంకెను ప్రచురించింది. నిరుద్యోగం 6.1 శాతం, నలభై అయిదేళ్లలో అంత ఎక్కువ ఎన్నడూ లేదు. అది ఇంకా ముసాయిదాయేనని, సరిచూడలేదని ప్రభుత్వం వైపు నుంచి వివరణ వచ్చింది. ఎన్నికలు జరిగాయి, ఫలితాలు వచ్చాయి, మే 30న కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసింది. మరునాడు, మే 31న, అదే నివేదిక అధికారికంగా విడుదలైంది. అందులోనూ అంకె 6.1 శాతమే. ఓటు వేయబోయే పౌరుడికి తెలియకూడని ఈ అంకె, ఓటు వేసిన తర్వాత తెలిస్తే దేశభద్రతకు ప్రమాదం ఎలా తొలగిపోయింది? ఆ అంకెను పత్రికకు అందించినవారెవరో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వారు ఉద్యోగ నియమాన్ని ఉల్లంఘించి ఉండవచ్చు, కానీ పౌరుడికి న్యాయం చేశారు.

ఫ్రాన్స్ నుంచి రఫేల్ యుద్ధవిమానాలు కొనే ఒప్పందానికి సంబంధించిన పత్రాలు పత్రికలో అచ్చయినప్పుడూ ఇదే జరిగింది. 2019 మార్చిలో అటార్నీ జనరల్ సుప్రీంకోర్టు ముందు నిలబడి, పత్రాలు రక్షణశాఖ నుంచి దొంగతనానికి గురయ్యాయని, వాటిని ప్రచురించడం అధికార రహస్యాల చట్టం కింద నేరమని చెప్పారు. రెండు రోజులకు, పోయినవి అసలు పత్రాలు కావు, నకళ్లేనని సవరించుకున్నారు. ఆ పత్రాలను కోర్టు చూడకూడదన్న ప్రభుత్వ అభ్యంతరాన్ని ఏప్రిల్ 10న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. అదే ఏడాది నవంబరులో ఆ ఒప్పందంపై వేసిన పునఃసమీక్ష పిటిషన్లను కొట్టివేస్తూ ఇచ్చిన తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగానే వచ్చింది. పత్రాలు అచ్చయినందువల్ల విమానాలు రావడం ఆగలేదు, ప్రభుత్వం పడిపోలేదు. మరి వాటిని చూసి అంత భయం ఎందుకో వ్యాసకర్త వివరిస్తే బాగుండేది.

ఇక ఆ చట్టం సంగతి. అధికార రహస్యాల చట్టం 1923లో బ్రిటిష్ ప్రభుత్వం చేసింది. రహస్యం అంటే ఏమిటో అందులో నిర్వచనమే లేదు. అందువల్ల ఏది రహస్యమో ముద్ర చేతిలో ఉన్నవారే నిర్ణయిస్తారు. ఢిల్లీలోని పాత్రికేయుడు ఇఫ్తికార్ గిలానీని 2002 జూన్‌లో ఈ చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన దగ్గర దొరికిన పత్రం పాకిస్తాన్‌లోని ఒక అధ్యయన సంస్థ ప్రచురించినది, ఇంటర్‌నెట్‌లో ఎవరైనా చదవగలిగినది. ఆ సంగతి ప్రభుత్వం ఒప్పుకుని కేసు వెనక్కి తీసుకునేసరికి ఆయన ఏడు నెలలు తిహార్ జైల్లో గడిపారు. ఈ చట్టాన్ని రద్దు చేసి, నిజంగా దేశభద్రతకు సంబంధించిన నిబంధనలను వేరే చట్టంలో చేర్చమని వీరప్ప మొయిలీ నేతృత్వంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే సిఫార్సు చేసింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా ఏదీ ఆ పని చేయలేదు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. రహస్యం అని రాసి లక్క వేసిన కవర్లు నా బల్ల మీదుగా ఎన్నో వెళ్లాయి. వాటిలో యుద్ధనౌకల సంగతులు ఉండే అవకాశమే లేదు. ఉన్నవి అవినీతి ఆరోపణలపై విచారణ నివేదికలు, గుత్తేదారుకు అంచనా వ్యయం పెంచడానికి రాసుకున్న నోట్లు, ఆడిట్ అభ్యంతరాలకు వెతుక్కున్న సమాధానాలు. పదవీ విరమణ తర్వాత మా వీధి కాలువ పనికి ఎంత ఖర్చయిందో తెలుసుకుందామని సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే, అది గోప్యమైన సమాచారమని ఒక కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. కాలువ మా గుమ్మం ముందే ఉంది. దాని మీద పోసిన సిమెంటు ఎంతో అడిగితే దేశానికి ఏ ప్రమాదం వస్తుందో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ దీనికి మినహాయింపు కాదు. ఏళ్ల తరబడి ఎవరైనా ఇంటర్‌నెట్‌లో చూడగలిగిన జీవోలను ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో ఆపేశారు. ప్రభుత్వం మారాక 2024లో మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. అదే 2021 ఆగస్టులో తెలంగాణలో దళితబంధు జీవోపై వ్యాజ్యం వస్తే, జీవోలను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టమని హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. జీవో అంటే ప్రభుత్వం ప్రజల కోసం ఇచ్చిన ఉత్తర్వు. అది చదవడానికి కూడా కోర్టుకు వెళ్లాల్సి వస్తే, కార్యాలయం లోపల నిజాయితీగల ఉద్యోగి ఎవరో ఒకరు దాని నకలు బయటికి ఇవ్వక ఏం చేస్తారు?

అసంతృప్తి ఉన్న ఉద్యోగి పత్రికకు ఎక్కకుండా పైఅధికారికి ఫిర్యాదు చేయాలని వ్యాసకర్త సలహా ఇచ్చారు. నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి సత్యేంద్ర దూబే అనే ఇంజనీరు సరిగ్గా ఆ పనే చేశారు. తన పేరు రహస్యంగా ఉంచమని వేడుకుంటూ ప్రధాని కార్యాలయానికి లేఖ రాశారు. ఆయన పేరుతో సహా ఆ లేఖ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపారు. దోపిడీకి వచ్చినవారే చంపారని దర్యాప్తు సంస్థ చెప్పిందని నాకు తెలుసు, దానిపై నేను వాదించడం లేదు. కానీ కాపాడాల్సిన ఒక్క రహస్యాన్ని, ఆ ఇంజనీరు పేరును, ప్రభుత్వం కాపాడలేదు. అలాంటివారి రక్షణ కోసం పార్లమెంటు ఒక చట్టం చేస్తే, 2014 మేలో రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. అయినా అది అమల్లోకి రాలేదు. 1923 నాటి చట్టాన్ని ఇంత జాగ్రత్తగా కాపాడుకుంటున్న అధికారులు, 2014 నాటి చట్టాన్ని అమలు చేసే తేదీని ఎందుకు ప్రకటించడం లేదో ఆ వ్యాసకర్త మీ పత్రికలోనే రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
విశాఖపట్నం