సాయంత్రం బజ్జీల బండి: పెట్టేముందు తెలియాల్సిన లెక్కలు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రం పూట ఒక బజ్జీల బండి పెట్టుకుంటే ఇంటి అద్దె వెళ్లిపోతుందన్న సలహా ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. సలహా తప్పని అనను. అయితే స్వయం ఉపాధి గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు పెట్టుబడి ఇంత, రాబడి ఇంత అని రెండు అంకెలు వేసి ముగించేస్తున్నాయి. బండి ఎక్కడ నిలబడాలి, పిండి ఎప్పుడు కలపాలి, నూనె ఎప్పుడు మార్చాలి అన్నవి ఎవరూ రాయడం లేదు. మొదటి రెండు నెలల్లో బండి మూలపడేది మాత్రం వీటివల్లే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. వీలైతే కోత లేకుండా వేయండి.

ముందు చోటు సంగతి. వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది. దాని ఐదో సెక్షన్ ప్రకారం వెండింగ్ సర్టిఫికెట్, అంటే వీధిలో అమ్ముకునే అనుమతి పత్రం, కావాలన్నవారు వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీకి ముందుగా ఒక హామీ రాసివ్వాలి. వ్యాపారం తానే చేస్తానని, లేదా తన కుటుంబ సభ్యులు చేస్తారని రాయాలి. తనకు వేరే జీవనాధారం లేదని రాయాలి. సర్టిఫికెట్‌ను గానీ, అందులో చూపిన చోటును గానీ ఇంకొకరికి అద్దెకైనా ఇవ్వనని రాయాలి. పగలు జీతం తీసుకునేవారి బండి రెండో మాట దగ్గరే ఆగిపోతుంది. వేరే ఆధారం లేదని వాళ్లు సంతకం పెడితే అబద్ధం రాసిచ్చినట్టే. ఈ ముక్క చెప్పకుండా 'పార్ట్‌టైమ్ బండి పెట్టండి' అని రాయడం పాఠకులకు మేలు చేయదు.

ఆ నిబంధన నాకు సబబుగానే కనిపిస్తుంది. బండే ఆధారంగా బతికే కుటుంబం నిలబడే చోటును నెలజీతం ఉన్నవాళ్లు ఆక్రమించకూడదు. ఇరవై ఏళ్లుగా ఒక ఆమె పునుగులు వేస్తున్న మలుపులో, ఆమెకు ఎదురుగా వెళ్లి ఐదు రూపాయలు తక్కువకు అమ్మడం ఎవరూ చేయకూడని పని.

మరి దారి ఏమిటి? ఇంట్లో వేరే సంపాదన లేనివారు నిజంగా బండి నడిపేటట్టయితే సర్టిఫికెట్ వారి పేరున అడగవచ్చు, ఉద్యోగం నుంచి వచ్చినవారు కుటుంబ సభ్యులుగా చేయి వేయవచ్చు. లేదా రోడ్డు మార్జిన్ జోలికి పోకుండా, సాయంత్రం ఆరుకల్లా మూసేసే జెరాక్సు షాపో, సిమెంటు దుకాణమో చూసుకుని, దాని ముందున్న సొంత స్థలాన్ని యజమాని దగ్గర రాతపూర్వకంగా అద్దెకు తీసుకోవాలి. బండి చక్రం మురుగుకాలువ దాటి రోడ్డు మీదికి రాకూడదు. అక్కడ కూడా మున్సిపల్ ఆఫీసులో ఒకసారి అడిగాకే బోణీ చేయాలి. ఎవరి పేరుమీదో ఉన్న సర్టిఫికెట్‌ను నెలకింతని మాట్లాడుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. అది చట్టవిరుద్ధం. అసలు మనిషి వచ్చి లేచిపొమ్మంటే అడగడానికి కాగితం ముక్క కూడా ఉండదు. ఇక ప్రభుత్వ ఉద్యోగులైతే ప్రవర్తనా నియమాల ప్రకారం అనుమతి లేకుండా ఏ వ్యాపారమూ పనికిరాదు. ప్రైవేటువారు తమ నియామక పత్రం తీసి చదువుకోవాలి.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్ బండికి కూడా తప్పనిసరి, చిన్న వ్యాపారులకు అది ఆన్‌లైన్‌లో సులువుగానే అవుతుంది. వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన పీఎం స్వనిధి పథకం రుణం 2025 మార్పుల తర్వాత మొదటి విడత 15,000, రెండోది 25,000, మూడోది 50,000 రూపాయలు. అయితే అది వీధి వ్యాపారులుగా గుర్తింపు, లేదా పురపాలక సంస్థ సిఫారసు లేఖ ఉన్నవారికే. జీతగాళ్లు దాన్ని నమ్ముకుని బండి చేయించకూడదు.

బండి కొలతల విషయంలో తొందరపడి తప్పు చేస్తుంటారు. అంగడి నిండుగా కనబడాలని ఆరడుగుల బండి చేయిస్తారు. రోజూ తోసుకెళ్లి రాత్రికి ఇంటి సందులో పెట్టుకోవాల్సిన బండికి నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చాలు. నిలబడి వేయించే మనిషి నడుము వంగకుండా ఎత్తు చూసుకోవాలి. పొయ్యి ఎప్పుడూ కొనేవాళ్లకు దూరంగా ఉన్న వైపే ఉండాలి, పిల్లల చేయి ఎక్కడిదాకా వస్తుందో చూసి మరీ పెట్టాలి. పొయ్యికి మూడు వైపులా జానెడున్నర ఎత్తు రేకు లేకపోతే సాయంత్రపు గాలికి మంట ఒక పక్కకు వాలిపోతుంది. అప్పుడు మూకుడు ఒక వైపు పొగలు కక్కుతుంటే రెండో వైపు నూనె కాగనే కాగదు, ఒకే వాయిలో సగం బజ్జీలు మాడి సగం పచ్చిగా దిగుతాయి. వాన రోజుల్లో కట్టే టార్పాలిన్ మంటకు బాగా పైన ఉండాలి. వాలు రోడ్డయితే చక్రాల కింద కొయ్యముక్కలు వేయకుండా పొయ్యి వెలిగించకూడదు.

ఇంటి గ్యాస్ సిలిండర్ వాడకం నేరం. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. సిలిండర్ నిలువుగా, పొయ్యికి దూరంగా ఉండాలి. వంటగ్యాస్ గాలికంటే బరువు కనుక లీకైతే కిందనే పేరుకుంటుంది, అందుకని బండి కింది అరకు నాలుగు వైపులా తలుపులు బిగించకూడదు. మూకుడుకు సరిపడే మూత ఒకటి చేతికి అందేలా పెట్టుకోవాలి. నూనె అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత వేయాలి. కంగారులో నీళ్లు పోస్తే మంట పైకి ఎగజిమ్ముతుంది.

ఇక పిండి. పార్ట్‌టైమ్‌గా చేసేవారికి అసలు చిక్కు ఇక్కడే ఉంది, ఎందుకంటే తయారీ పని ఉద్యోగానికి ముందు, అమ్మకం ఉద్యోగం తర్వాత. పొద్దున్నే చేసిపెట్టదగినవి కొన్ని, పెట్టకూడనివి కొన్ని. మిరపకాయలు రాత్రే కడిగి గుడ్డ మీద ఆరబోయాలి. చెమ్మ ఉన్న కాయ నూనెలో పడితే చిటపటలాడి చేయి కాలుతుంది, పిండి కూడా కాయను పట్టుకోదు. పొద్దున గాటు పెట్టుకోవచ్చు. గాటు పెట్టని కాయ లోపల ఆవిరి నిండి టప్పున పేలుతుంది, నూనె ముఖం మీదికి చిందుతుంది. గాటు కాయకు మూడొంతులు ఉంటే చాలు, తొడిమ దాకా చీల్చితే పిండిలో ముంచేటప్పుడు రెండుగా విడిపోతుంది. కాయల్లో కూరే వాము, ఉప్పు, చింతపండు ముద్ద మాత్రం పొద్దున పెట్టకూడదు. ఉప్పు తగిలిన కాయ సాయంత్రానికి నీరు వదిలి మెత్తబడుతుంది. ఆ నీరే పిండిని జారు చేస్తుంది. కూరడం బండి దగ్గరికి బయల్దేరేముందే.

కిలో శనగపిండికి 100 గ్రాముల బియ్యప్పిండి, పాతిక గ్రాముల ఉప్పు, పది గ్రాముల వాము, చిన్న చెంచా వంటసోడా చాలు. నీళ్లు ఇంచుమించు పిండి బరువంత పడతాయి గానీ ఒకేసారి పోయకూడదు. ముప్పావు వంతు పోసి ఉండలు లేకుండా గిలక్కొట్టి, తర్వాత చెంచాలతో సర్దుకోవాలి. కాయను ముంచి పైకి ఎత్తితే పిండి తెరలా అంటుకుని, చివర నుంచి ఒక్క బొట్టు ఆలస్యంగా జారాలి. వరసగా కారిపోతే పలుచన, అసలు జారకపోతే గట్టి. గట్టి పిండితో వేసిన బజ్జీ పైన ఎర్రగా వేగి లోపల పచ్చి వాసన కొడుతుంది. సోడా ఎక్కువైతే బజ్జీ ఉబ్బి అందంగా కనిపిస్తుంది, కానీ నూనె తెగ తాగుతుంది, రంగు తొందరగా ముదురుతుంది. సోడా కలిపిన పిండి బలం గంటలోపే తగ్గిపోతుంది కనుక ఒకేసారి ఐదు కిలోలు కలిపేయకూడదు. పొడి పిండిలో ఉప్పు, వాము కలిపి కిలో పొట్లాలుగా కట్టుకుని, బండి దగ్గర ఒక్కొక్కటే సోడా వేసి కలుపుకోవాలి.

పునుగుల పిండికి దీనికి వ్యతిరేకమైన లెక్క. పొద్దున ఉద్యోగానికి వెళ్లేముందు రుబ్బి పెడితే సాయంత్రానికి తగినంత పులుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట ఉంచితే అతిగా పులిసి నూనె పీలుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టి గంట ముందు తీయాలి. చలికాలంలో ముందు రోజు రాత్రే రుబ్బాలి.

నూనె దగ్గర పిసినారితనం చూపితే ఆరోగ్యమూ పోతుంది, గిరాకీ కూడా పోతుంది. పద్నాలుగు అంగుళాల మూకుడుకు మూడు లీటర్లు, సగానికి మించకుండా. పిండి చుక్క వేస్తే అడుగుకు దిగి వెంటనే తేలాలి. అడుగునే ఉండిపోతే నూనె కాగలేదు, పడీపడగానే నల్లబడితే ఎక్కువ కాగింది. వాయికి పదికి మించి వేయవద్దు. జనం నిలబడ్డారని పదిహేను వేస్తే నూనె ఒక్కసారిగా చల్లబడి బజ్జీలు దాన్ని పీల్చుకుంటాయి. రాలిన పిండి తునకలను రెండు మూడు వాయిలకొకసారి సన్న జల్లితో తీసేయాలి, అడుగున మాడి నూనెను నల్లగా చేసేవి అవే. పాత నూనెలో కొత్తది కలుపుతూ పోవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పెరిగే చెడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర కొలిచే యంత్రం ఉండదు కనుక కంటితో చూడాలి. నురుగు తేలి అణగకపోతే, వేళ్ల మధ్య జిగురుగా సాగితే, మామూలు మంటకే పొగ వస్తుంటే దాన్ని పక్కన పెట్టేయాల్సిందే. డబ్బాలో పోసి పాత నూనె సేకరించేవారికి ఇవ్వాలి, కాలువలో ఒంపకూడదు.

బజ్జీ తిని జబ్బుపడేవారు తక్కువ. చట్నీతో, నీళ్లతో జబ్బుపడేవారు ఎక్కువ. కాగే నూనెలోంచి వచ్చిన వస్తువు మీద క్రిములు మిగలవు, పచ్చి నీళ్లతో రుబ్బి మూడు గంటలు వేడిలో ఉంచిన పల్లీ చట్నీలో మాత్రం పెరుగుతాయి. కొత్త బండి మొదటి నెల చట్నీ జోలికే పోకుండా కారప్పొడి, ఉల్లిపాయ, నిమ్మచెక్కతో నడిపితే మంచిది. ఉల్లిపాయలు అక్కడికక్కడే కోయాలి. తాగే నీళ్లకు కుళాయి ఉన్న డబ్బా పెట్టాలి, గ్లాసు ముంచే బిందె వద్దు. ఒకే బకెట్‌లో ముంచి తీసే స్టీలు ప్లేట్లకంటే అడ్డాకు దొన్నెలు మేలు. డబ్బు పుచ్చుకునే చేయి, బజ్జీ అందించే చేయి వేరువేరు మనుషులవి కావాలి. బండికి ఇద్దరు తప్పదనేది ఇందుకే.

ఇప్పుడు రాబడి. ధరలు ఊరినిబట్టి మారతాయి కనుక లెక్క తీరు మాత్రమే చూడండి. కిలో శనగపిండి వంద, కిలో మిరపకాయలు అరవై, బజ్జీలు పీల్చే నూనె 350 గ్రాములకు యాభై, ఉల్లి, నిమ్మ, వాము వగైరా నలభై, దొన్నెలు ముప్పై, మొత్తం 280 రూపాయలు. కిలో పిండికి ఇంచుమించు 55 బజ్జీలు వస్తాయి. చిట్లినవి, మిగిలినవి తీసేసి యాభై, పది రూపాయల చొప్పున 500. అంటే కిలోకు మిగిలేది 220. కానీ ఎంత అమ్మినా, అమ్మకపోయినా రోజూ అయ్యే ఖర్చు వేరే ఉంది. రెండు వేల సిలిండర్ తొమ్మిది సాయంత్రాలు వస్తే రోజుకు 220. చోటు అద్దె వంద, లైటుకు, నీళ్లకు యాభై, పారేసే నూనె లీటరుకు నూట యాభై. కలిపితే 520. రెండు కిలోలు అమ్మితే 440 మిగిలి 80 రూపాయల నష్టం. ఐదు కిలోలు అమ్మితే 580 చేతికి వస్తుంది. ఆ ఐదు కిలోలకు 275 బజ్జీలు, అంటే ఇరవై ఎనిమిది వాయిలు. వాయికి ఐదు నిమిషాలంటే రెండు గంటల ఇరవై నిమిషాలు పొయ్యి ఆగకూడదు. ఇద్దరు మనుషులు తయారీ, అమ్మకం, కడుగుడు కలిపి తలా ఆరు గంటలు పనిచేస్తే వచ్చే డబ్బు ఇది. గంటకు యాభై కూడా పడదు. అదే పొయ్యి మీద, అదే నూనెలో పునుగులు, అరటికాయ బజ్జీ కూడా వేస్తేనే రోజువారీ ఖర్చు మూడింటికి పంచుకుని బండి నిలుస్తుంది. 'నెలకు యాభై వేలు' అని రాసేవారు ఈ లెక్కలో ఏ అంకె మార్చారో పాఠకులకు చూపించాలి.

పట్టణ వెండింగ్ కమిటీల్లో సభ్యుల్లో కనీసం నలభై శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలని అదే 2014 చట్టం చెబుతోంది. ఒకే చోటును వేళలవారీగా పంచుకునే పద్ధతికి కూడా అందులో వీలుంది. మన పట్టణాల్లో ఈ కమిటీలు ఎప్పుడు కూర్చుంటున్నాయి, సాయంత్రం వేళకు ఏ చోట్లు ఇస్తున్నాయి అన్నది మీ జిల్లా పేజీల్లో వేస్తే బండిమీదే బతికేవారికి, కొత్తగా పెట్టాలనుకునే కుటుంబాలకు ఉపయోగం.

ఇంకొక్క మనవి నేరుగా మీకే. తినుబండారాలను వార్తాపత్రికల్లో పొట్లం కట్టకూడదని ఆహార ప్యాకేజింగ్ నిబంధనలు ఉన్నాయి. వేడి నూనె తగిలితే కాగితం మీది అచ్చు సిరా బజ్జీకి అంటుతుంది. అయినా సాయంత్రమయ్యేసరికి మీ పేజీలు ప్రతి బండి మీదా చింపి పేర్చి ఉంటాయి. ప్రతిరోజూ చివరి పేజీ అడుగున 'ఈ కాగితంలో తినే వస్తువులు పెట్టవద్దు' అని ఒక్క వరుస అచ్చువేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు